ఊరికంటె ముందు పుట్టిన వంతెన

గోలకొండ నుండి మూసీనది దక్షిణతీరమునకు రాకపోకలకై ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో రాతివంతెన కట్టించెను. నేటి పురానాపూల్ అదియే. కమానులు 22, వెడల్పు సుమారు 35 అడుగులు. రాకుమారుడు మహమ్మద్ కులీ భాగమతికై పొంగిన యేటిలో గుఱ్ఱమును దింపగా, తండ్రి బెదరి దీనిని కట్టించెనని జనులు చెప్పుకొందురు. కథ మధురమే గాని, అప్పటికా రాకుమారుని ప్రాయము పదుమూడేండ్లకు మించదు!

హైదరాబాదు పుట్టినది 1591లో. అనగా బాట ముందు, ఊరు పదుమూడేండ్ల తరువాత. చార్మినారు నడుమ నుండగా నలుదిక్కులకు రాజవీథులు తీర్చబడెను. ఇండ్లు ఆ వీథుల ననుసరించి లేచినవి.

తరువాతి తరములవారు ఈ క్రమమును తలక్రిందులు చేసిరి. ఇండ్లు ముందు వెలసెను, మిగిలిన సందే బాట యయ్యెను. పల్లెలలో బండ్లబాటను ఏటికొక సాలు చొప్పున చేనిలో కలుపుకొని, పిదప ఎరువుబండికి దారి లేదని తగవులాడువారికి ఇది క్రొత్త గాదు. 1908 సెప్టెంబరు 28 నాటి వరద వేలమందిని మ్రింగిన పిమ్మట, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి వీథులను వెడల్పు చేయబూనినది. అందుకై కాపురమున్న ఇండ్లు కూలవలసివచ్చెను. ఆ గోడల వెల ఎవరో ఒకరు చెల్లించినదే.

బండ్లకై కట్టిన పురానాపూల్ మోటారుల రద్దీని ఓపలేకపోగా ప్రక్కనే క్రొత్త వంతెన లేచినది. పాతదానిపై కూరగాయలవారు గంపలు దించుకొనిరి. ఊరు అత్తాపురము దాటి దక్షిణమునకు ప్రాకినది. ఆ వైపున మెహిదీపట్నము మొదలు ఆరాంఘరు వరకు 11 కిలోమీటర్లకు పైగా బాటను 2009 నాటికి స్తంభములపై నిలుపవలసివచ్చినది. నేలపై చోటు చాలలేదు.