కాఫీ మిషను పేరు వేసుకున్న సైకిల్ వీరుడు

మా ఊరి సైకిల్ పందెంలో నేను చివర వచ్చాను. ఇంక తొక్కకూడదు అనుకున్నాను. అప్పుడే ఎడ్డీ మెర్క్స్ గురించి చదివాను.

ఇటలీలో ఫేమా అనే కంపెనీ కాఫీ మిషన్లు చేసేది. 1961లో వచ్చిన దాని ఇ61 మిషనులో కాఫీ పొడి గుండా నీళ్లను తోసేది మోటారు పంపు. ఆ కంపెనీ సైకిల్ జట్టును కూడా నడిపింది. బెల్జియం దేశపు మెర్క్స్ ఫేమా పేరున్న బనీను తొడుక్కుని 1968లో ఇటలీ జిరో పందెం గెలిచాడు. 1969 జిరోలో ముందున్నప్పుడే, మత్తుమందు పరీక్షలో దొరికాడని పంపేశారు. తాను తప్పు చేయలేదన్నాడు. ఇంట్లో కూర్చోలేదు. జూలైలో టూర్ ద ఫ్రాన్స్‌ను దాదాపు 18 నిమిషాల తేడాతో గెలిచాడు.

ఆయనకు జీతమిచ్చే కంపెనీ ఉంది, నాకు లేదు. మా ఇత్తడి ఫిల్టరుకు పంపూ లేదు. డికాషను చుక్కచుక్కగా దిగాల్సిందే. పొద్దున ఐదింటికి అవ్వ ఫిల్టరులో వేడినీళ్లు పోస్తానే నేను హోసూరు రాయకోట రోడ్డులో బయలుదేరతాను. మొదట్లో తిరిగొచ్చేసరికి కాఫీ చల్లారిపోయేది.

నిన్న అవ్వ, "ఉండు నాయనా, డికాషను ఇంకా దిగలేదు" అన్నింది. నాకు అదే కప్పు!