రేడియో కార్డు పలకని ఊళ్లు

చేవెళ్లలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో పన్నెండు దాటి సగటున 17 నిమిషాలవుతుంది. బ్రిటిష్ ఇండియా 1906లో పట్టుకున్న 82.5 డిగ్రీల రేఖ మనకు తూర్పున, కాకినాడ దగ్గరగా పోతుంది మరి. పొలం పనులకు ఈ తేడా ఏనాడూ అడ్డు రాలేదు. సెకన్ల లెక్క కంప్యూటర్లతోనే వచ్చింది.

1990ల చివర మొయినాబాద్ దిక్కు ఇంజనీరింగ్ కాలేజీలు వరుసగా లేచాయి. వాటిలో ఒకదాంట్లో నేను ల్యాబ్ చూసుకునేవాణ్ని. మదర్‌బోర్డు మీద సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్, దానికో బిళ్ల సెల్లు. కంప్యూటర్ గడియారమంటే అంతే. లక్షకు రెండు పాళ్లు తేడా ఉన్నా రోజుకు 1.7 సెకన్లు జరుగుతుంది. సెల్లు అయిపోతే తేదీ 1980 జనవరి 1కి పోయేది. "సార్, మీ మిషన్లు మళ్లా ఎనుకటికి పోయినయ్" అని అటెండర్ నవ్వేవాడు. పిల్లలకు మాత్రం నవ్వులాట కాదు: ఇప్పుడే దిద్దిన కోడును 'మేక్' అనే ప్రోగ్రామ్ పాతదనుకుని కంపైల్ చేయకుండా వదిలేసేది.

మా మందు ఆకాశవాణి. టేబుల్ మీద ట్రాన్సిస్టర్ పెట్టి, రాబోయే గంటను ముందే టైప్ చేసి, వార్తల ముందు బీప్‌లు వస్తుంటే చివరిదానికి ఎంటర్ నొక్కేవాణ్ని.

ఇదే పని చెయ్యి పెట్టకుండా చేసే రేడియో కార్డును జర్మనీ నుంచి ఒక స్నేహితుడు తెచ్చాడు. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర మైన్‌ఫ్లింగెన్‌లో డీసీఎఫ్77 అనే స్టేషన్ ఉంది. 77.5 కిలోహెర్ట్జ్ మీద 1973 నుంచి తేదీ, టైమ్ కూడా పంపుతోంది. సెకనుకో పల్సు, 0.1 సెకను పొడవుంటే సున్నా, 0.2 ఉంటే ఒకటి. నిమిషం పాటు వింటే పూర్తి టైమ్ చేతికొస్తుంది. కార్డు బాగానే ఉంది, యాంటెన్నా బాగానే ఉంది. కానీ ఆ సిగ్నల్ అందేది రెండు వేల కిలోమీటర్ల దాకా. మొయినాబాద్ దాదాపు ఏడు వేల కిలోమీటర్ల అవతల.

మన దేశంలో టైమ్ సిగ్నల్ లేదని కాదు. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ (ఎన్‌పీఎల్) 1959 నుంచే ఏటీఏ పేరుతో షార్ట్‌వేవ్‌లో పంపింది. అయితే అది 10 మెగాహెర్ట్జ్ మాట. ఈ కార్డుకు ఆ భాష రాదు. జపాన్, చైనా, అమెరికా, బ్రిటన్ కూడా జర్మనీలాగే లాంగ్‌వేవ్ స్టేషన్లు కట్టుకున్నాయి, మనం కట్టుకోలేదు. అందుకే చేతి గడియారాలైనా, కార్డులైనా 'అటామిక్' అని పేరు పెట్టుకుని ఇక్కడికొస్తే మామూలు క్వార్ట్జ్ గడియారాలే.

తర్వాత పెద్ద సంస్థలకు జీపీఎస్ వచ్చింది, మా బోటివాళ్లకు ఇంటర్నెట్. గడియారాలను నెట్ మీద సరిచేసే పద్ధతిగా డేవిడ్ మిల్స్ 1985లో రూపం ఇచ్చిన ఎన్‌టీపీని విండోస్ ఎక్స్‌పీ ఇంటింటికీ తెచ్చింది, వారానికోసారి సరిచూసుకుంటూ. 2022 ఏప్రిల్ 28న సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశంతో సంస్థలు తమ గడియారాలను కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ, ఎన్‌పీఎల్ సర్వర్లతో గానీ, వాటిని అనుసరించే సర్వర్లతో గానీ కలపాల్సి వచ్చింది.

ఇప్పుడు చేవెళ్లలో నాకు చిన్న రిపేరు షాపుంది. "అన్నా, నెట్ ఉంది గానీ బ్యాంకు సైటు తెరుచుకుంటలేదు" అని పాత సిస్టమ్ తెస్తారు. నేను ముందు చూసేది తేదీనే. అది తప్పయితే సైటు సర్టిఫికెట్ చెల్లదు. సీఆర్2032 సెల్లు మార్చి తేదీ సరిచేస్తే ఆ ఇబ్బంది పోతుంది.