మూడో అంతస్తు నుంచి పడుతూ లేచిన వాచీ

టోక్యోకు పడమట హమురా అనే ఊళ్లో క్యాసియో కంపెనీ పరిశోధన కేంద్రం ఉంది. 1981లో అక్కడి ఇంజినీరు ఒకాయన మూడో అంతస్తు టాయిలెట్ కిటికీలోంచి వాచీలు కిందికి వదిలేవారు. దిగి వెళ్లి ముక్కలు ఏరుకొచ్చి, ఈసారి ఏది విరిగిందో చూసేవారు. ఆయన పేరు కికువో ఇబే. నలభై ఏళ్లు దాటినా రూపం మారకుండా, ఇప్పుడు సెల్‌ఫోన్‌తో మాట్లాడుతున్న జీ-షాక్ పుట్టింది ఆ కిటికీ దగ్గరే.

తండ్రి బహుమతిగా ఇచ్చిన వాచీ ఓరోజు ఆఫీసులో ఎవరికో తగిలి నేలమీద పడి ముక్కలైంది. కిందపడ్డా పగలని వాచీ చేస్తానంటూ ఇబే ఒకే ఒక్క వాక్యం రాసి పైవాళ్లకు పంపారు. దానికి ప్రయోగాలు, లెక్కలు ఏవీ జతచేయలేదు. విచిత్రంగా అనుమతి వచ్చేసింది. పెట్టుకున్న లక్ష్యాలు మూడు: 10 మీటర్ల ఎత్తు నుంచి పడ్డా ఆడాలి, 10 బార్ల నీటి ఒత్తిడికి తట్టుకోవాలి, బ్యాటరీ పదేళ్లు రావాలి.

పలచటి వాచీల కాలం

అప్పటి గాలి అందుకు పూర్తిగా ఎదురు. తొలి డిజిటల్ చేతి గడియారం హామిల్టన్ పల్సర్ 1972లో వచ్చింది. బంగారు కేసుతో దాని ధర 2,100 డాలర్లు. బటన్ నొక్కితేగానీ ఎర్ర అంకెలు వెలిగేవి కావు. 1974లో క్యాసియో తెచ్చిన క్యాసియోట్రాన్‌కు ఏ నెలకు ముప్పై రోజులో, ఏ నెలకు ముప్పైఒకటో తనంతట తానే తెలుసు. ఆ తర్వాత కంపెనీల పోటీ అంతా ఎవరిది ఎంత పలచన అన్నదాని మీదే సాగింది. ఆ రోజుల్లో లావుపాటి వాచీ చేస్తాననడం సాహసమే.

ఇబే మొదట మామిడిపళ్లను గడ్డిలో పెట్టినట్టు వాచీ చుట్టూ రబ్బరు చుట్టారు. మూడో అంతస్తు దెబ్బకు తట్టుకునేసరికి అది చేతికి పెట్టుకునే వస్తువులా కాక బంతిలా తయారైంది. రబ్బరు తగ్గించి, అదురును అయిదు అంచెల్లో పీల్చే నిర్మాణం ఆలోచించారు. అయినా ప్రతిసారీ లోపల ఏదో ఒక్కటి పోయేది. తెరను గట్టిపరిస్తే కాయిల్ తెగేది, కాయిల్‌ను కాపాడితే క్వార్ట్జ్ స్ఫటికం విరిగేది. ఇక వదిలేద్దామనుకున్న రోజుల్లో, పార్కులో ఓ చిన్నపిల్ల బంతి కొట్టి ఆడుకోవడం ఆయన కంటపడింది. బంతి లోపల వాచీ తేలుతూ ఉంటే? దెబ్బ పైతొడుగుకే తగులుతుంది, నడిబొడ్డుకు చేరదు. వాచీ యంత్రాన్ని కేసుకు అంటుకోకుండా కొద్ది చోట్ల మాత్రమే ఆనించి నిలబెట్టారు. సుమారు 200 నమూనాల తర్వాత 1983 ఏప్రిల్‌లో డీడబ్ల్యూ-5000సీ బజారుకొచ్చింది. ధర 11,400 యెన్లు.

ఆ చతురస్రపు వాచీని బల్లమీద బోర్లించి చూడండి. అద్దం బల్లకు తగలదు, చుట్టూ ఉన్న అంచు అంతకన్నా ఎత్తు. బటన్లు కూడా అంచుల మాటున ఉంటాయి, ఏ పక్కన పడ్డా నేల ముందుగా తాకేది పైతొడుగునే. మనం పాతకాలపు అందమని మెచ్చుకుంటున్న ఆకారం నిజానికి దెబ్బలు కాచుకునే ఏర్పాటు.

జపాన్‌లో తొలినాళ్లలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అమెరికాలో ఐస్ హాకీ ఆటగాడు ఆ వాచీని కర్రతో కొట్టే టీవీ ప్రకటన వచ్చింది. అది బూటకమేమోనని అనుమానించి ఓ టీవీ కార్యక్రమం స్వయంగా పరీక్షిస్తే వాచీ నెగ్గింది. 2017 నాటికి అమ్మకానికి పంపిన జీ-షాక్‌లు 10 కోట్లు.

ఫోను చేసే ఊడిగం

2012లో వచ్చిన జీబీ-6900 బ్లూటూత్ ఉన్న తొలి జీ-షాక్. ఫోన్‌కు కాల్ వస్తే మణికట్టు మీద చెప్పేది. 2018లో పాత చతురస్రపు రూపంలోనే జీఎండబ్ల్యూ-బీ5000, జీడబ్ల్యూ-బీ5600 వచ్చినప్పుడు ఆ కబుర్లు మోసే పని మానేశారు. ఫోను నుంచి తీసుకునేది ముఖ్యంగా సమయమే. రోజుకు నాలుగుసార్లు కలిసి, గడియారం దిద్దుకుని, విడిపోతుంది. ఫోను ఎక్కడ పెట్టామో మరిచిపోతే వాచీ బటన్ నొక్కి మోగించవచ్చు. సౌరశక్తితో ఛార్జవుతుంది కాబట్టి రాత్రిపూట ఛార్జర్ వెతుక్కునే బాధ లేదు.

ఫోనుతో సమయం దిద్దుకునే ఈ ఏర్పాటు మనవాళ్లకు మరింత అక్కరకొస్తుంది. ఈ వాచీలు జపాన్‌లోని రెండు, అమెరికా, బ్రిటన్, జర్మనీ, చైనాల్లో ఒక్కొక్కటి చొప్పున ఆరు కేంద్రాల రేడియో తరంగాలతోనూ సమయం దిద్దుకోగలవు. హైదరాబాద్, విజయవాడలు ఆ కేంద్రాల పరిధిలోకి రావు. దిద్దేవాళ్లు లేకపోతే మామూలు క్వార్ట్జ్ వాచీ నెలకు పదిహేను సెకన్ల దాకా అటూఇటూ కావచ్చు. ఇక్కడ ఆ లోటు తీర్చేది జేబులోని ఫోనే. పిల్లలు డల్లాస్‌లో ఉన్న తల్లిదండ్రులు ఆ ఊరి సమయం కూడా పెట్టుకోవచ్చు. వేసవిలో అక్కడివాళ్లు గంట ముందుకు జరిపినా లెక్క తప్పదు.

స్మార్ట్‌వాచీకి ఫోను యజమాని అయితే, ఈ వాచీకి అది సహాయకుడు మాత్రమే. ఫోన్లు కొన్నేళ్లకే మారిపోతాయి, యాప్‌లు ఏదో ఒకనాడు మూతపడతాయి. అప్పుడు కూడా బటన్లతోనే టైము సరిచేసుకుని ఈ వాచీని నిక్షేపంగా వాడుకోవచ్చు. కిందపడ్డా ఆగకూడదనుకున్న మనిషి ఆలోచనకు, ఫోను పోయినా ఆగకపోవడమే సరైన కొనసాగింపు.