గళ్ల వస్త్రము – వంశనామము



స్కాట్లండు దేశపు కొండసీమలలో పురుషులు నడుము మొదలు మోకాళ్లవఱకు కుచ్చెళ్లు పోసి ధరించు ఉన్నివస్త్రమునకు కిల్టు అని పేరు. దానికి వాడు గళ్ల బట్టను టార్టను అందురు. ఒక్కొక్క వంశమునకు ఒక్కొక్క గళ్ల వరుస అనాదిగా వచ్చుచున్నదని లోకమున ప్రతీతి. అందు నిజమెంతయో నేడు విచారింతము.

నేతపని యెఱిగినవారికి ఈ బట్ట సులభముగా బోధపడును. పడుగున ఏ రంగు పోగులు ఎన్ని యుండవలెనో లెక్క యుండును. సామాన్యముగా ఆ వరుస ఒక అంచువఱకు పోయి, అచ్చటినుండి వచ్చిన దారినే వెనుకకు మరలును. పేకయు అదే లెక్కన పడును. మూడు రంగుల నూలు పెట్టినచో మూడు శుద్ధవర్ణములు, మూడు మిశ్రవర్ణములు కలసి కంటికి ఆఱు కనబడును. 1703లో మార్టిన్ మార్టిన్ అనునాతడు పశ్చిమ ద్వీపములనుగూర్చి ప్రకటించిన గ్రంథమున, అచ్చటి స్త్రీలు ప్రతి చారకు పోగుల లెక్కను కఱ్ఱముక్కపై గుర్తించుకొందురని వ్రాసినాడు. బట్టను చూచి మనిషి యే ప్రాంతమువాడో ఊహింపవచ్చుననియు చెప్పినాడు. ప్రాంతమనెనేగాని వంశమనలేదు.

1745లో కొండసీమవారు అనేకులు స్టూవర్టు రాజకుమారుని పక్షమున తిరుగబడి, మఱుసటి ఏడు ఏప్రిలులో కలోడెన్ యుద్ధమున ఓడిపోయిరి. పిమ్మట పార్లమెంటువారు 1747 ఆగస్టు 1వ తేదీనుండి పురుషులు, బాలురు ఈ వేషము ధరింపరాదని శాసించిరి. మొదటి తప్పునకు 6 మాసముల చెఱ, రెండవదానికి 7 సంవత్సరముల ప్రవాసశిక్ష. రాజుగారి సైన్యమున చేరినవారికి మాత్రము మినహాయింపు! 1782లో ఆ శాసనము రద్దగునాటికి ఒక తరము గడచిపోయినది. కఱ్ఱముక్కల లెక్కలు తెలిసిన ముసలివారు ఎందఱు మిగిలియుందురు?

ఆ లోటును తీర్చినది కొండసీమ కాదు, మైదానమందలి బానక్‌బర్న్ అను ఊరు. అచ్చటి విల్సన్ వారు సైన్యములకు టార్టను నేసి యిచ్చెడివారు. వారి 1819వ సంవత్సరపు నమూనాపుస్తకమున వందలకొలది వరుసలకు పోగుల లెక్కలు కలవు. కొన్నిటికి ఊళ్లపేళ్లు, కొన్నిటికి వంశముల పేళ్లు, కొన్నిటికి వట్టి సంఖ్యలే. 155 అను సంఖ్య గల వరుసను కిడ్డు అను నొకడు వెస్టిండీసు దీవులలోని తన బానిసలకై పెద్దమొత్తమున కొనగా, దానికి కిడ్డు అని పేరు వచ్చినది. తరువాత ఆ బట్టయే మాక్‌ఫెర్సన్ వంశనాయకునికి వంశవస్త్రమైనది. బానిసల మేనిమీది గళ్లు ప్రభువు మేనికెక్కి కులచిహ్నమగుట నాకు చరిత్ర యంతటిలో విచిత్రముగా తోచును.

1815 ప్రాంతమున లండనులోని హైలాండు సంఘమువారు వంశనాయకులను తమతమ నమూనాలు ముద్రవేసి పంపుడని కోరిరి. కొందఱికి తమదేదో తెలియలేదు. రాబర్ట్‌సన్ వంశనాయకుడు ముసలివారిని అడుగగా ఒక్కొక్కరు ఒక్కొక్కటి చూపిరట. 1822 ఆగస్టులో నాల్గవ జార్జిరాజు ఎడింబరో నగరమునకు రాగా, సర్ వాల్టర్ స్కాట్ ఉత్సవములు నడపెను. రాజే కిల్టు ధరించెను. అంతట వంశవస్త్రము కావలెనని కోరువారు పెరిగిరి. కోరినవారికి పేరుతో సహా బట్ట దొరకినది.

ఇది మోసమని కొట్టివేయువారు కలరు. నే నట్లనను. నిషేధమున పోయినదానిని ఆ ప్రజలు కొని తెచ్చుకొనిరి. రెండువందల యేండ్లుగా ధరించినది ఇప్పుడు వారిదే. 2009నుండి ప్రభుత్వము వారి పట్టికలో క్రొత్త వరుసలను నమోదు చేయుచున్నారు.

నేడును కోరిన గళ్లు నేయించుకొనువారు కలరు. నేతగాడు మొదట పోగుల లెక్కను, పిదప రంగుల ఛాయను, బట్ట బరువును అడుగును. కిల్టొకటికి పెద్దపన్నా బట్ట సుమారు 4 గజములు, చిన్నపన్నా అయినచో 8 గజములు పట్టును. వెనుక కుచ్చెళ్లు మడిచిన తరువాత కూడ గళ్ల వరుస చెదరక పైకి కనబడవలెను. గడి పెద్దదైన కొలది ఒక్కొక్క మడతలో ఎక్కువ బట్ట పోవును. కావున దర్జీ గడిని కొలిచి చూచినగాని ఎన్ని గజములో చెప్పడు.