వీడియో క్లిప్‌పై ఎఫెక్ట్‌లు: వరుస మారితే బొమ్మే మారుతుంది

జంషెడ్‌పూర్‌లో ఏటా మార్చి 3న జంషెట్జీ టాటా జయంతి జరుపుతారు. ఆ రోజుల్లో జూబిలీ పార్క్ దీపాలతో వెలిగిపోతుంది. 1958లో ప్రారంభమైన ఈ పార్క్‌కు నగరం నలుమూలల నుంచీ జనం వస్తారు. బారిడీహ్‌లో ఉండే తెలుగు కుటుంబం అక్కడ ఫోన్‌లో వీడియో తీసి శ్రీకాకుళంలోని బంధువులకు పంపాలనుకుందని అనుకుందాం. దీపాలు బాగా పడతాయి. కానీ వాటి ముందు నిలబడ్డ అమ్మమ్మ ముఖం నల్లగా ఉండిపోతుంది. దాన్ని సరిచేయడానికే ఎఫెక్ట్‌లు. అయితే వాటిని ఏ వరుసలో పెట్టాలో, కాలంతో పాటు ఎలా మార్చాలో తెలియకపోతే ఉన్న బొమ్మ కూడా పాడవుతుంది.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది కేడెన్‌లైవ్. 2002లో జేసన్ వుడ్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం. లినక్స్‌లోనూ విండోస్‌లోనూ పనిచేస్తుంది. డావిన్సీ రిజాల్వ్, ప్రీమియర్ ప్రో వంటి వాటిలో బటన్ల పేర్లు వేరైనా సూత్రం ఇదే.

ఎఫెక్ట్ ఎక్కడ పెట్టాలి?

టైమ్‌లైన్‌లోని క్లిప్‌పై పెట్టిన ఎఫెక్ట్ ఆ ఒక్క ముక్కకే వర్తిస్తుంది. ప్రాజెక్ట్ బిన్‌లోని క్లిప్‌పై పెడితే ఆ క్లిప్‌ను వాడిన ప్రతిచోటా కనిపిస్తుంది. ట్రాక్‌పై పెడితే ఆ వరుసలోని క్లిప్‌లన్నిటికీ, మాస్టర్‌పై పెడితే మొత్తం వీడియోకూ వర్తిస్తుంది. ఒకే రాత్రి ఒకే ఫోన్‌తో తీసిన క్లిప్‌లన్నిటికీ ఒకే రంగు సవరణ కావాలంటే ట్రాక్ చాలు. అమ్మమ్మ ముఖం కోసమైతే ఆ ఒక్క ముక్కపైనే పెట్టాలి.

వరుస ఎందుకు ముఖ్యం?

ఒక క్లిప్‌పై ఉన్న ఎఫెక్ట్‌లు పైనుంచి కిందికి పనిచేస్తాయి. మొదటిదాని ఫలితమే రెండోదానికి ముడిసరుకు. ముందు అంచులు కత్తిరించి తర్వాత బ్లర్ పెడితే కత్తిరించిన అంచు కూడా మసకబారుతుంది. ముందు బ్లర్, తర్వాత కత్తిరింపు అయితే అంచు పదునుగా ఉంటుంది.

వెలుతురు విషయంలో పొరపాటు ఇంకా ఖరీదైనది. 8 బిట్ బొమ్మలో ప్రతి రంగు విలువా 0 నుంచి 255 లోపే ఉండాలి. మొదటి ఎఫెక్ట్‌తో వెలుతురు బాగా పెంచితే 230 ఉన్నవీ, 250 ఉన్నవీ అన్నీ 255 దగ్గరే ఆగిపోతాయి. తర్వాత ఎఫెక్ట్‌తో తగ్గించినా వాటి మధ్య తేడా తిరిగి రాదు. దీపాల చుట్టూ తెల్లటి మచ్చ మిగులుతుంది. అందుకే మొత్తం వెలుతురు పెంచడం కన్నా కర్వ్స్‌తో చీకటి భాగాలను మాత్రమే కొద్దిగా లేపడం మేలు. పేరు పక్కన ఉన్న గుర్తుతో ఒక్కో ఎఫెక్ట్‌నూ ఆపి, మళ్లీ పెట్టి చూస్తే ఏది ఏం చేస్తోందో తెలిసిపోతుంది.

కీఫ్రేమ్‌తో కదలిక

ఎఫెక్ట్ విలువ ఫలానా క్షణంలో ఇంత ఉండాలని చెప్పే గుర్తే కీఫ్రేమ్. రెండు గుర్తుల మధ్య విలువలను సాఫ్ట్‌వేరే లెక్కిస్తుంది. సెకనుకు 25 ఫ్రేములున్న 8 సెకన్ల క్లిప్‌లో 200 ఫ్రేములు ఉంటాయి. ట్రాన్స్‌ఫామ్ ఎఫెక్ట్‌లో మొదట 100 శాతం, చివర 120 శాతం పరిమాణం ఇస్తే ప్రతి ఫ్రేముకూ సుమారు 0.1 శాతం పెరుగుతుంది. చూసేవారికి కెమెరా మెల్లగా ముఖం దగ్గరికి వెళ్తున్నట్టు ఉంటుంది.

మధ్య విలువలు వేర్వేరు రకాలుగా నడుస్తాయి. లీనియర్‌లో మార్పు ఒకే వేగంతో సాగుతుంది. స్మూత్‌లో గుర్తు దగ్గర కుదుపు లేకుండా మలుపు తిరుగుతుంది. డిస్క్రీట్‌లో తర్వాతి గుర్తు వచ్చేదాకా విలువ కదలదు, ఒక్కసారిగా మారుతుంది.

దగ్గరికి తెచ్చే కొద్దీ బొమ్మ మెత్తబడుతుంది. 4కె క్లిప్‌ను 1920×1080 ప్రాజెక్ట్‌లో వాడితే రెండింతలు పెంచినా స్పష్టత పోదు. 1080లోనే తీసిన క్లిప్‌కు ఆ వెసులుబాటు లేదు.

ముందు కత్తిరింపు, తర్వాత అలంకారం

కీఫ్రేమ్‌లు పెట్టాక క్లిప్ పొడవు మారిస్తే కదలిక అనుకున్న చోట ముగియదు. కాబట్టి ముక్కల కూర్పు పూర్తయ్యాకే ఎఫెక్ట్‌లు మొదలుపెట్టాలి. ఒకసారి కుదిరిన ఎఫెక్ట్‌లను కాపీ చేసి మరో క్లిప్‌పై అతికించవచ్చు. కంప్యూటర్ నెమ్మదిస్తే ప్రాక్సీ క్లిప్‌లతో పనిచేయవచ్చు. తుది వీడియో మాత్రం అసలు ఫైలు నుంచే తయారవుతుంది.

చివరిది, మరచిపోకూడనిది: ఎఫెక్ట్‌లు అసలు వీడియోను తాకవు. ప్రాజెక్ట్ ఫైలులో ఉండేవి సూచనలే, బొమ్మలు కావు. ప్రాజెక్ట్ ఉంది కదా అని ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ అసలు క్లిప్‌ను చెరిపేస్తే మిగిలేది వంటకం లేని వంట పుస్తకమే. ఎఫెక్ట్‌ను రేపు మళ్లీ పెట్టుకోవచ్చు. ఆ రాత్రి అమ్మమ్మ నవ్విన క్షణాన్ని మళ్లీ తీయలేం.