విడదీయడానికి వీలుగా ఒక పూత

ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ గొప్ప ఉష్ణవాహకమని చాలామంది నమ్మకం. అంకెలు చూస్తే ఆ నమ్మకం నిలవదు. ప్రామాణిక కొలతలో రాగి ఉష్ణవాహకత 400 వరకూ ఉంటే, మామూలు పేస్టులది ఎక్కువగా 1 నుంచి 10 లోపే. గాలిది మరీ 0.026. ఎంత నునుపు చేసినా రెండు లోహాలు అక్కడక్కడే తాకుతాయి, మిగతా సందుల్లో గాలి నిలుస్తుంది. ఆ గాలిని వెళ్లగొట్టడమే పేస్ట్ పని. మందంగా పూస్తే అదే అడ్డవుతుంది. ఇంత అల్పమైన వాహకం దశాబ్దాలుగా ఎలా నెగ్గుకొచ్చింది? చవకదనం ఒక్కటే చాలదు. ఈ అతుకును ఎప్పుడంటే అప్పుడు విప్పుకోవచ్చు, అసలు కారణం అదేనని నా వాదన.

జింక్ ఆక్సైడ్ కలిపిన సిలికోన్ గ్రీజు కంప్యూటర్ల కోసం పుట్టలేదు. పవర్ ట్రాన్సిస్టర్లను లోహపు పలకకు బిగించేవారు ముందునుంచే దాన్ని వాడేవారు. పెద్ద కంప్యూటర్ల దారి వేరు. 1980లో ఐబీఎం ప్రకటించిన 3081లో స్ప్రింగు పిస్టన్లు చిప్‌ల మీద ఆనుకునేవి, ఖాళీల్లో హీలియం ఉండేది. ఆ వాయువు గాలికన్నా సుమారు ఆరు రెట్లు వేడిని మోస్తుంది. అయితే సీలు వేసిన ఆ మాడ్యూల్‌ను కొన్నవాడు విప్పేది లేదు. ఇళ్లలోని 386 ప్రాసెసర్లకు సాధారణంగా హీట్‌సింకే అక్కర్లేకపోయింది. 1993లో సుమారు 15 వాట్ల పెంటియం వచ్చాక అది తప్పనిసరైంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల విడిభాగాలు కొని బిగించుకునే యంత్రానికి, రేపు ప్రాసెసర్ మార్చాలన్నా ఫ్యాన్ మార్చాలన్నా ఊడివచ్చే అతుకే కావాలి.

మరి 2012లో ఇంటెల్ ఐవీ బ్రిడ్జ్ ప్రాసెసర్లలో, ఎవరూ తెరవని లోహపు మూత కింద, టంకం తీసేసి పేస్ట్ ఎందుకు పెట్టింది అనవచ్చు. అక్కడ విప్పే అవసరం లేదు, ఒప్పుకోవాల్సిందే. కానీ తర్వాత ఏమైందో చూడండి: ఔత్సాహికులు మూతలు ఊడదీసి మరో పదార్థం పూసి చల్లదనం సాధించారు, 2018లో ఐ9-9900కె నాటికి ఇంటెల్ టంకానికే తిరిగొచ్చింది. ద్రవలోహం మేలు కదా అన్నదీ నిజమే. అయితే గాలియం మిశ్రమం అల్యూమినియాన్ని తినేస్తుంది, చిందితే షార్ట్ సర్క్యూటే. 2020లో ప్లేస్టేషన్ 5లో సోనీ దాన్ని వాడింది, కానీ కారకుండా కట్టుదిట్టం చేసి, ఇంట్లో విప్పే పని లేని పెట్టెలో. మన చేత్తో బిగించే హీట్‌సింక్ కింద ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది పేస్టే. విప్పిన ప్రతిసారీ పాత పూత పూర్తిగా తుడిచి, కొత్తది పలుచగా వేయండి.