క్లోమశోథము: సోకిన మృతకణజాలమునకు చికిత్స

జఠరమునకు వెనుక నొదిగియున్న క్లోమగ్రంథి, పిత్తాశయపు రాళ్లవలననో మద్యపానమువలననో వాచి, తన జీర్ణరసములచేతనే తాను నశింపఁగా, ఆ మృతకణజాలమునకు సూక్ష్మజీవులు సోకుట ఈ వ్యాధియందు మిక్కిలి భయంకరమైన ఉపద్రవము. పూర్వము శస్త్రవైద్యులు వెంటనే ఉదరమును కోసి ఆ మృతభాగమును తొలగించెడివారు. ఆ తొందర రక్తస్రావమునకును అవయవవైఫల్యమునకును దారితీయుచుండెను. నేఁడు యాంటీబయాటిక్కులతో రోగిని నిలుపుకొనుచు, ముక్కుగుండ దింపిన సన్నని గొట్టముతో ఆహారమిచ్చుచు, మృతభాగముచుట్టు గోడ గట్టిపడువఱకు, వీలైనచో 4 వారములు, ఓపికపట్టుటయే మేలు.

నెదర్లాండ్సులో 88 మందిపై జరిగి 2010లో వెలువడిన పరిశోధనయందు, ముందు ఎడమప్రక్కనుండి గొట్టము వేసి, ఉప్పునీటితో కడుగుచు చీమును వెడలించి, అది చాలనప్పుడే చిన్న కోఁతతో మృతభాగమును తీసిన పద్ధతిలో, తీవ్రోపద్రవములు గాని మరణము గాని 40 శాతమునకు సంభవించెను. ఉదరము తెఱవఁబడినవారిలో 69 శాతమునకు. మొదటివారిలో 35 శాతమునకు గొట్టమే చాలెను. మరణములు మాత్రము ఇరువర్గములందును ఇంచుమించు సమానమే.